పది కిలోల లోపు

ఫిబ్రవరి 6

ఈ డైరీ ఫోమ్ కంపెనీవాడు ఊరికే ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఇందులో సోఫాల కొలతలే రాసుకున్నాను. బడిలో రాయమంటే గోడ దూకి పారిపోయినవాణ్ణి, ఇప్పుడు ఎవరూ బెత్తం పట్టుకోకుండానే కూర్చుని రాస్తున్నాను. దీనికంతటికీ మా ఆవిడే కారణం. "ప్రతిదాన్నీ నవ్వులాట చేసేస్తారు. మీ నోటి వెంట ఒక్క మాటైనా ఉన్నదున్నట్టు వస్తుందా?" అంది నిన్న. నోటి వెంట రాదు. చేత్తో వస్తుందేమో చూద్దాం.

ఉన్నదున్నట్టు: ఇవాళ ఒక కుక్కని సోఫాలో పెట్టి మూడో అంతస్తుకి మోశాను.

దాని పేరు క్లీనర్. మా తమ్ముడి లారీలో క్లీనర్ సీట్లో కూర్చునేది కాబట్టి ఆ పేరు. జీతం లేదు, తిండి మాత్రం డ్రైవరుతో సమానం. తమ్ముడు పోయాక లారీని దాని ఓనరు తీసుకెళ్ళాడు, తమ్ముడి దుప్పటీ, టిఫిన్ డబ్బా నాకిచ్చారు. కుక్క కావాలని ఎవరూ అనలేదు. లారీల యార్డులో వాచ్‌మన్ దగ్గర వదిలేశాం. పొద్దున వాడు ఫోన్ చేశాడు. "ఏమీ తినట్లేదన్నా. వచ్చి పట్టుకుపో. నా కళ్ళ ముందు పోతే నాకు పాపం."

తేవడం సులువే. తెచ్చి పెట్టడమే కష్టం. మా ఇంటి యజమానురాలు కింద వాటాలో ఒక్కతే ఉంటుంది. ఎదురుగా అమ్మగారు, వెనక రూల్సమ్మ. ఆ రెండో పేరు నేను పెట్టిందే. మెట్ల పక్కన కరెంటు మీటర్ల మీద అట్టముక్క వేలాడదీసింది. పెంపుడు జంతువు ఉంటే అదనపు అడ్వాన్సు. నెల నెలా ఫీజు. బరువు పది కిలోల లోపు. మొరగకూడదు. అడక్కుండా తెస్తే ఇల్లు ఖాళీ. ఎప్పుడో ఎవరి కుక్కో ఆవిడ టేకు తలుపుని మోకాలెత్తు దాకా గీకిందట. తలుపు మార్చేసింది, కోపం మార్చలేదు.

ఫీజుకి నేను వెనకాడేవాణ్ణి కాదు. కానీ క్లీనర్ పది కిలోల్ని పాలు తాగే రోజుల్లోనే దాటేసింది. ఇప్పుడు దాన్ని ఎత్తాలంటే నడుముకి ముందే చెప్పుకోవాలి.

అందుకని నేను సోఫాలు కుట్టే షెడ్డులో ఎవరూ తీసుకెళ్ళకుండా పడున్న మూడు సీట్ల సోఫాని తిరగేసి, కింద గుడ్డ చింపి, స్ప్రింగులు పీకేసి, అడుగున విప్పి పెట్టేలా చెక్క బిగించి, చెక్కకి గాలి కోసం చిల్లులు పెట్టాను. పైన సీటు పట్టీలు మాత్రం గట్టిగా బిగించాను. క్లీనర్ లోపలికెళ్ళి పడుకుంది. మొయ్యడానికి ట్రాలీ ఆటోవాడు సాయమొచ్చాడు. మెట్ల దగ్గర కాస్త దించి ఊపిరి పీల్చుకుంటున్నామో లేదో, తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా సోఫా, ఎవరిదిది?"

"మాదేనండి. అందరి సోఫాలూ కుట్టి కుట్టి సొంతానికి బల్ల మీద కూర్చుంటున్నామని మా ఆవిడ ఒకటే పోరు."

"ఏదీ, చూడనీ" అని కూర్చుంది. మంచి నిండు మనిషి. ట్రాలీవాడు కళ్ళు మూసుకున్నాడు.

"కింద ఏదో కదిలిందేమిటి?"

"కొత్త రకం స్ప్రింగులండీ. మనిషిని బట్టి సర్దుకుంటాయి."

"వెచ్చగా ఉందే!"

"ఎండలో వచ్చింది కదండీ."

ఆవిడ అటూ ఇటూ జరిగి, చేత్తో సీటు తట్టి, "బాగుంది" అని లేచింది. మూడో అంతస్తు దాకా ట్రాలీవాడు ఒక్క మాట మాట్లాడలేదు. పైకొచ్చాక మాత్రం కూలి రెట్టింపు అడిగాడు.

వారం రోజులే. మంచివాళ్ళెవరైనా దొరగ్గానే ఇచ్చేస్తాను. నాకు కుక్కలంటే పడదు.

ఫిబ్రవరి 7

రెండు సింగిల్ సీట్లు, ముదురు గోధుమ రెగ్జిన్, చేతులకి కొత్త స్పంజి. మంగళవారానికి కావాలన్నారు.

కుక్క తినలేదు.

ఫిబ్రవరి 8

మా వీధి చివర సిమెంటు గోడౌను ఉంది. సాయంత్రం ఓ లారీ వచ్చి వెనక్కి తిరగడం మొదలెట్టింది. రివర్సు గేరు పాట, ఆపైన గాలి బ్రేకు 'ఫుస్స్'. అంతే, సోఫా వెనక శవంలా పడున్న కుక్క లేచి బాల్కనీలోకి ఉరికి మొరగడం మొదలుపెట్టింది. బిల్డింగంతా అదిరిపోయింది.

నేనూ పరిగెత్తాను. దాన్ని కాళ్ళతో లోపలికి తోసి, కమ్మీల మీదికి వంగి, దానికన్నా గట్టిగా మొరిగాను.

రూల్సమ్మ కింద వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసింది. చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

నేను మొరిగితే ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఏళ్ళ తరబడి మొరుగుతున్నాను. తమ్ముడి లారీ వీధి మలుపు తిరగ్గానే వాడు క్యాబిన్లోంచి తల బయటపెట్టి మొరిగేవాడు, నేను బాల్కనీలోంచి బదులు మొరిగేవాణ్ణి. చిన్నప్పుడు మొదలైన ఆట. గడ్డాలు నెరిసినా మానలేదు. రూల్సమ్మ తిట్టేది. "ఇంత వయసొచ్చినవాళ్ళు! సిగ్గు లేదూ మీ అన్నదమ్ములకి!" అని. తమ్ముడు లారీ ఆపి, దిగి, ఆవిడకి దండం పెట్టి, మళ్ళీ ఒకసారి మొరిగి లోపలికొచ్చేవాడు. ఒకసారి ఆవిడ వాకిట్లో కాలవ మీద పలకని లారీ చక్రంతో పగలగొట్టాడు కూడా. మర్నాడు వాడే సిమెంటు కలిపి కొత్తది పోశాడు. అది ఆరకముందే క్లీనర్ దాని మీద నడిచింది. ఇప్పటికీ ఆ ముద్ర ఉంది.

ఆవిడ అనుకుని ఉంటుంది, తమ్ముడు లేడు కదా, అలవాటు చావక ఒక్కడే మొరుగుతున్నాడు అని. అనుకోనీ. మంచిదే.

ఫిబ్రవరి 11

కింద రెండో అంతస్తులో బ్యాంకమ్మాయి ఉంటుంది. తెల్ల పిల్లి ఉంది, దానికి ఫీజు కడుతుంది. ఇవాళ పైకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అంకుల్, మీ ఇంట్లో రోజంతా టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోంది. గోళ్ళ చప్పుడులా ఉంది."

"మీ ఆంటీవమ్మా. కొత్త చెప్పులు."

మా ఆవిడ వంటింట్లోంచి, "నాలుగు కాళ్ళకీ కొనిచ్చారు" అంది.

ఆ పిల్ల నవ్వలేదు. "నేను నెల నెలా ఫీజు కడుతున్నాను అంకుల్. నా పిల్లిని సంచిలో వేసి తూచారు కూడా. ఎవరైనా ఊరికే ఉంచేసుకుంటే నాకు బాధగా ఉండదా?" అని వెళ్ళిపోయింది. మాట న్యాయమే. అందుకే కోపం వచ్చింది.

రాత్రికి కుక్కకి మేజోళ్ళు కుట్టాను. లోపల అరంగుళం స్పంజి, పైన మెత్తటి గుడ్డ, చుట్టూ ఎలాస్టిక్. నాలుగూ ఒకే కొలత. వేశాక గుడ్డి ముసలమ్మలా నడిచింది. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. ఈ నెలలో ఆవిడ నవ్వడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 12

మేజోళ్ళు తినేసింది.

మా ఆవిడకి ఆనందమే ఆనందం. "తిన్నదండీ! ఏదో ఒకటి తిన్నది!"

ఫిబ్రవరి 15

నా సోఫా కవర్లన్నీ మా ఆవిడే కుడుతుంది. ఇవాళ ఇంటికొచ్చేసరికి మిషన్ ఆగి ఉంది. ఆవిడ స్టూలు దిగి నేల మీద కూర్చుని పెరుగన్నం ముద్దలు చేసి దాని నోటికి అందిస్తోంది. అది మొహం తిప్పుకుంటోంది.

"మీ డ్రైవరు కూడా ఇంతే" అంటోంది దానితో. "వడ్డించేదాకా ఆకలి లేదు వదినా అంటాడు, వడ్డిస్తే గిన్నె ఖాళీ. తిను. నీకు వదినే వడ్డిస్తోంది. తిను."

ఒక ముద్ద తిన్నది. రెండోది కూడా.

నేను గుమ్మంలోంచే, "నాకెప్పుడైనా అలా ముద్దలు పెట్టావా?" అన్నాను.

"మీరు మేజోళ్ళు తినలేదుగా" అంది. వెనక్కి తిరగలేదు. ఎందుకు తిరగలేదో నాకు తెలుసు. నేనూ లోపలికి వెళ్ళకుండా మెట్ల మీద కాసేపు కూర్చుని, వేళ్ళకున్న జిగురు గోక్కున్నాను.

వారం అయిపోయినట్టుంది. మంచివాళ్ళింకా దొరకలేదు. వెతుకుతున్నాను. బాగా వెతుకుతున్నాను.

ఫిబ్రవరి 18

పొద్దున రూల్సమ్మ నన్ను వాకిట్లో ఆపేసింది. పాత పేపర్లవాడితో బేరంలో ఉంది. చేతిలో ఆవిడ కొక్కెం తూకం, స్ప్రింగుది. వాడి తూకాన్ని నమ్మదు. పేపర్లయినా పిల్లయినా అదే తూకం.

"ఏమయ్యా సోఫా, మీ తమ్ముడి దగ్గర కుక్క ఉండేది కదా. అదేమైంది?"

"యార్డులో ఎవరో తీసుకున్నారండీ. పెద్ద ఇల్లట. తోటట. ఈత కొట్టడానికి నీళ్ళు కూడా ఉన్నాయట."

"అదృష్టమంటే దానిదే" అంది. ముల్లు చూస్తూనే ఉంది. "ఒకటో తారీఖున అన్ని వాటాలూ చూస్తాను. గోడలు, తలుపులు, కుళాయిలు. ఇంట్లో ఉండండి ఇద్దరూ."

"మమ్మల్ని కూడా తూస్తారా?"

"నిన్ను తూచే తూకం ఇంకా రాలేదు" అంది.

నవ్వాను. మెట్లెక్కుతూ లెక్క వేసుకున్నాను. ఈ ఇంట్లోంచి పంపిస్తే ఈ అద్దెకి ఇంకో ఇల్లు దొరకదు. దొరికినా అక్కడా ఇలాంటి అట్టముక్కే వేలాడుతుంది. మధ్యాహ్నం ఇద్దరు బ్రోకర్లకి ఫోన్ చేశాను. ఒకడు "ఎన్ని కిలోలు?" అన్నాడు. ఇంకొకడు "కుక్క" అనగానే పెట్టేశాడు.

ఫిబ్రవరి 20

ఏమీ జరగలేదు. లారీలు కూడా రాలేదు. క్లీనర్ బాల్కనీలోనే కూర్చున్నాడు.

ఫిబ్రవరి 24

ఉన్నదున్నట్టు రాయాలి.

యార్డు పక్కన టీ కొట్టు పెట్టుకున్న ముసలాయన క్లీనర్‌ని ఉంచుకుంటానన్నాడు. "లారీల మధ్య పుట్టిన కుక్క, లారీల మధ్యే బతుకుతుంది" అన్నాడు. సబబుగానే ఉంది. మా ఆవిడకి చెప్పాను. మిషన్ మీంచి తలెత్తకుండా "మీ ఇష్టం" అంది. ఆవిడ "మీ ఇష్టం" అన్నదంటే అది నా ఇష్టం కాదని అర్థం. అయినా బయల్దేరాను. అమ్మగారు సంతకి వెళ్ళే వేళ చూసుకుని, తమ్ముడి దుప్పటి కప్పి మెట్లు దింపాను. కాలవ పలక దగ్గర వాడు ఆగి తన ముద్రని తనే వాసన చూసుకున్నాడు.

యార్డులో గొలుసు విప్పాను. టీకొట్టాయన బిస్కెట్టు చూపించాడు. వాడు అటు చూడలేదు. వరసగా ఆగి ఉన్న లారీల్లో మొదటిదాని దగ్గరికి వెళ్ళాడు. డ్రైవరు వైపు మెట్టు వాసన చూశాడు. తలెత్తి క్యాబిన్ కేసి కాసేపు చూశాడు. రెండోదానికి వెళ్ళాడు. డ్రైవరు వైపే. ప్రతి లారీకీ డ్రైవరు వైపే వెళ్ళాడు. ఒక డ్రైవరు తలుపు తీసి "ఏంట్రా, డ్యూటీ కావాలా?" అన్నాడు. వాడు మర్యాదగా ఆ మనిషి మొహం చూసి, పక్కదానికి వెళ్ళిపోయాడు. తొందర లేదు. అరుపు లేదు. నేను వెనకే నడిచాను. "పద, ఇక చాలు" అందామనుకున్నాను. గొలుసు చేతికి చుట్టుకున్నాను.

తమ్ముడు పోయిన రోజు కూడా లారీ దగ్గరికి ఇలాగే నడిచాను. ఇది రాయకుండా ఇంత దాకా వచ్చాను. పెట్రోలు బంకు వాళ్ళు ఫోన్ చేశారు. "లారీ పొద్దున్నించి కదల్లేదు, డ్రైవరు నిద్రపోతున్నట్టుంది, లేవట్లేదు, కుక్క ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు" అన్నారు. వెళ్ళాను. లారీ చుట్టూ జనం. ఒకడి చేతిలో కర్ర. కుక్క క్యాబిన్ అద్దంలోంచి పళ్ళు చూపిస్తోంది. నన్ను చూసినా గుర్తుపట్టలేదు. నాకేం చెయ్యాలో తోచలేదు. అందరి ముందూ, మెట్టు మీద నిలబడి మొరిగాను. మా ఇద్దరి మొరుగు. అప్పుడు అది ఆగింది. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. తలుపు తీశాను. తమ్ముడు సీటు వెనక పడుకునే చోట, గోడ వైపు తిరిగి ఉన్నాడు. చిన్నప్పుడూ అలాగే పడుకునేవాడు. గుండె అన్నారు. నిద్రలోనే అన్నారు.

బదులుగా ఎవరూ మొరగని మొరుగు అదే మొదటిది.

ఆఖరి లారీ కూడా అయింది. వాడు వెనక్కి తిరిగి, నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, నా చెప్పుల మీద కూర్చున్నాడు. అన్నీ చూసుకున్నాడు. తన డ్రైవరు ఇక లేడని తేల్చుకున్నాడు. నాకే ఇంకా తేలలేదేమో.

టీకొట్టాయన, "ఏం బాబూ, వదిలేస్తావా?" అన్నాడు.

"బిస్కెట్టు నాకివ్వండి" అన్నాను. తిన్నాను. అమ్మగారు సంత నుంచి రాకముందే ఇద్దరం ఇంటికొచ్చేశాం.

తలుపు తీసి మా ఆవిడ మా ఇద్దర్నీ చూసింది. "ఎవరికో ఇచ్చేసొస్తానన్నారు?"

"ఇచ్చాను. మనకే."

ఫిబ్రవరి 25

గోడౌనుకి లారీ వచ్చింది. వాడు మొరగలేదు. చెవి ఒకటి కదిలింది, అంతే. అన్నం మాత్రం తిన్నాడు, గిన్నె నాకాడు.

నేను బాల్కనీలోకి వెళ్ళి మొరిగాను. హఠాత్తుగా ఆపేస్తే బిల్డింగులో అనుమానం వస్తుంది కదా.

ఫిబ్రవరి 26

మొరిగాను. అనుమానం రాకూడదని.

ఫిబ్రవరి 27

మా ఆవిడ అంది, "వాడు మొరగట్లేదు కదా. ఇక దేన్ని కప్పెట్టడానికండీ మీరు మొరగడం?"

"అలవాటు తప్పితే గొంతు పట్టేస్తుంది" అన్నాను.

ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, తీసి, మిషన్ దగ్గరికి వెళ్ళింది.

మార్చి 1

అమ్మగారు తనిఖీకి వస్తోందని మెట్ల చప్పుడు వినగానే సోఫా కింద చెక్క విప్పాను. వాడు నా మొహం చూసి, తనంతట తనే లోపలికెళ్ళి పడుకున్నాడు. అంత మర్యాదగా వెళ్ళకపోతే బాగుండేది. పెనుగులాడి ఉంటే తిట్టుకుంటూ మూసేవాణ్ణి.

ఆవిడ గోడలు చూసింది. కుళాయి తిప్పింది. వంటింటి కిటికీ గడియ లాగింది. తలుపు దగ్గర వంగి కింద భాగం చేత్తో తడిమింది. గీతల్లేవు. చివరికి వచ్చి సోఫాలో, సరిగ్గా మధ్య సీట్లో, కూర్చుంది.

"ఏమయ్యా సోఫా."

"చెప్పండి అమ్మగారూ."

"నాలుగు రోజుల్నించి ఒకటే గొంతు వస్తోంది."

నేను నవ్వాను. "నా గొంతేనండీ. మీకు తెలుసుగా నా సంగతి."

"నీ గొంతు నాకు తెలీదా? ఏళ్ళ తరబడి వింటున్నాను. నీది పొట్టలోంచి వస్తుంది. మీ తమ్ముడిది ముక్కులోంచి వచ్చేది. పోయిన నెలలో ఇంకోటి కూడా వినిపించింది, అది మనిషిది కాదు. ఇప్పుడు రావట్లేదు." ఆవిడ నా వైపు చూడలేదు, మా ఆవిడ వైపు చూసింది. "ఏమైంది దానికి? బాగాలేదా? పోయిందా?"

ఇక్కడ నేనొక జోకు వెయ్యాలి. ఎప్పుడూ వేసేవాణ్ణే. వెతికాను. నోట్లో ఏమీ లేదు.

మా ఆవిడే అంది. "మీరు దాని మీదే కూర్చున్నారండీ."

లేచి గంతేస్తుందనుకున్నాను. లెయ్యలేదు. సీటు మీద అరచెయ్యి ఆనించి, మొదటి రోజు తట్టినట్టే తట్టింది. లోపల్నించి తోక చెక్కకి తగిలింది. టప్, టప్.

"ఊపిరాడుతోందా దానికి?"

"చిల్లులు పెట్టానండీ."

"చెక్కకి చిల్లులు పెట్టడం వచ్చు. నోరు తెరిచి నన్ను అడగడం రాదు."

"మీకెప్పుడు తెలిసింది?"

"స్ప్రింగులు ఎక్కడైనా తోకాడిస్తాయటయ్యా?"

మొదటి రోజే తెలుసు. ఆ రోజు కూర్చుని, అటూ ఇటూ జరిగి, బాగుందని లేచింది కూడా. నేను బిల్డింగంతటినీ ఆటపట్టించానని నెలంతా మురిసిపోయాను.

"మరి ఖాళీ చెయ్యమనలేదేం?" అన్నాను.

"అడుగుతావేమో అని చూశాను. తమ్ముడు పోయిన మనిషివి. ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అని. నువ్వేమో ఈత కొట్టడానికి నీళ్ళున్నాయన్నావు." సీటుని మళ్ళీ తట్టింది. "వాకిట్లో పలక మీద దాని కాలి ముద్ర రోజూ దాటుకుంటూ పోతున్నాను. దానికెప్పుడైనా ఫీజు అడిగానా? తియ్యి బయటికి."

చెక్క విప్పాను. క్లీనర్ బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, ఆవిడ చీర అంచు వాసన చూసి, ఆవిడ కాళ్ళ దగ్గరే కూలబడ్డాడు.

"చిక్కిపోయాడు" అంది. 'వాడు' అనే అంది.

ఏమీ అనక్కర్లేదు నేను. అయినా అడిగాను. మొట్టమొదటిసారి, ఏ వేషమూ లేకుండా. "అమ్మగారూ, వాణ్ణి ఉంచుకోనివ్వండి. వాడు తప్ప ప్రాణంతో తమ్ముడిది ఇంకేం మిగల్లేదు."

ఆవిడ ముక్కు ఎగబీల్చి, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఫీజు కట్టాలి" అంది. "ఊరికే వద్దు. దాచిపెడితే అది నీ ఇంట్లో దొంగ సరుకు. ఫీజు కడితే నా ఇంట్లో అద్దెకున్న ప్రాణి. రేపు కిందికి తీసుకురా. తూస్తాను."

"తూస్తారా?" అంది మా ఆవిడ కంగారుగా.

"రూలు రూలే."

మార్చి 2

వాకిట్లో తూకం. బ్యాంకమ్మాయి మెట్ల మీద సాక్షిలా నిలబడింది, చంకలో పిల్లి.

అమ్మగారు పిల్లిని తూచిన సంచినే తెచ్చింది. క్లీనర్ ముందు కాళ్ళు రెండూ అందులో దూర్చింది. మిగతా కుక్కంతా బయటే ఉంది. కొక్కెం కొంచెం పైకెత్తి, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి ముల్లు చూసింది.

"తొమ్మిదిన్నర."

"ఆంటీ!" అంది ఆ పిల్ల. "నా పిల్లిని మొత్తం తూచారు!"

"నీ పిల్లి సంచిలో పట్టింది. ఇది పట్టట్లేదు. పట్టినంత వరకే తూస్తాను. పట్టనిదాన్ని ఎలా తూస్తారు, బ్యాంకులో చేస్తావు, నువ్వే చెప్పు."

ఆ పిల్ల నోరు తెరిచి, మూసి, చివరికి నవ్వేసింది. దిగొచ్చి పిల్లిని కుక్క ముక్కు దగ్గర పెట్టింది. పిల్లి ఒక్కటిచ్చింది. క్లీనర్ దెబ్బ తిని ఊరుకున్నాడు. ఆ చప్పుళ్ళ గురించి నేను ఆ పిల్లని క్షమించమని అడిగాను. "ఆంటీ చెప్పులు బాగున్నాయి అంకుల్" అంది.

"మొరగకూడదన్న రూలో?" అన్నాను అమ్మగారితో. "దాని గురించి మీకు భయం అక్కర్లేదు. వాడిక మొరగడు."

ఆవిడ సంచి మడత పెడుతూ, "నువ్వో?" అంది.

క్లీనర్‌ని తీసుకుని పైకొచ్చేశాను.

మార్చి 3

సోఫాకి స్ప్రింగులు వెనక్కి వేశాను. అడుగు చెక్క తీసేశాను. మధ్య సీటు వాడిది.

మార్చి 5

సాయంత్రం. లారీ వచ్చింది. రివర్సు పాట. 'ఫుస్స్'.

క్లీనర్ సోఫాలోంచి తల ఎత్తి, వీధి కేసి కాదు, నా కేసి చూశాడు. లేచి బాల్కనీలోకి వెళ్ళాను. కమ్మీలు పట్టుకున్నాను. ఇప్పుడు కప్పెట్టాల్సింది ఏమీ లేదు. అనుమానపడేవాళ్ళెవరూ లేరు. ఇక ఏ సాకూ లేదు. నోరు తెరిచాను. రాలేదు. లోపల మిషన్ చప్పుడు ఆగింది. మా ఆవిడ వింటోంది. అలాగే నిలబడ్డాను, పట్టీలు తెగిన సీటులా. కళ్ళు తుడుచుకుందామంటే కమ్మీల మీంచి చేతులు రాలేదు.

అప్పుడు కింద వాకిట్లోంచి ఒక చప్పుడు వచ్చింది.

దాన్ని మొరుగు అని రాయడానికి చెయ్యి రావట్లేదు. ముసలి గొంతు, మొహమాటం, మధ్యలో ఓ దగ్గు. వంగి చూశాను. అమ్మగారు కాలవ పలక పక్కన నిలబడి ఉంది, చేతిలో నీళ్ళ చెంబు. చుట్టూ ఒకసారి చూసుకుంది. తల పైకెత్తి మళ్ళీ ప్రయత్నించింది.

"భౌ."

నా కాళ్ళ మధ్యలోంచి ఏదో దూసుకొచ్చింది. క్లీనర్. కమ్మీల మధ్య మూతి పెట్టి కిందికి చూశాడు. అంత అన్యాయంగా మొరగడం వాడి జన్మలో విని ఉండడు. భరించలేకపోయినట్టున్నాడు. బొంగురు గొంతుతో, ఇన్నాళ్ళ తర్వాత, ఒక్కటి వేశాడు.

నేను కూడా వేశాను. వచ్చేసింది. దాంతోపాటు ఏడుపూ వచ్చేసింది. రెండూ కలిసి ఏం చప్పుడైందో నాకు తెలీదు. గోడౌను దగ్గర డ్రైవరు కిందికి దిగి ఇటే చూస్తున్నాడు.

"ఏమయ్యా సోఫా!" కింద్నించి కేక. "ఏమిటా గోల? రూలు గుర్తుందా లేదా?"

మొదలుపెట్టింది ఎవరో నేను ఎవరికీ చెప్పను. రేపు పొద్దున కిందికి వెళ్ళి ఆవిడకి నేర్పాలి. గొంతు చించుకుంటే రాదు, పొట్టలోంచి లాగాలి. తమ్ముడికి కూడా నేనే నేర్పాను. వాడికీ మొదట్లో దగ్గు వచ్చేది.